బొమ్మలో ఏం పోయింది?

డిస్కులోని సినిమాని కుదించి దాచుకున్న ప్రతిసారీ ఎంతో కొంత పోతుంది. పోయిందేమిటో పట్టుకోవడం కంటికి నేర్పితే, ఏది వదులుకోవచ్చో ఏది వదులుకోకూడదో తెలుస్తుంది.

మూడు గంటల సినిమా తీసుకుందాం. డీవీడీ కొలతల్లో ఒక్కో ఫ్రేముకి అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. సెకనుకి 25 ఫ్రేములు. రంగుల వివరాన్ని ముందే నాలుగో వంతుకి తగ్గించేసి, ఇంకేమీ కుదించకుండా దాచాలన్నా దాదాపు 168 గిగాబైట్లు కావాలి. అదే సినిమా మన అల్మరాలోని డీవీడీలో 8.5 గిగాబైట్లలో సర్దుకుంటుంది. అంటే ఇరవై వంతుల్లో పంతొమ్మిది వంతులు డిస్కు మీదికి ఎక్కనే లేదు. అయినా ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ సినిమా చూశాం. క్లారిటీ బాగుందనే అన్నాం.

ఆ మొదటి కుదింపు స్టూడియోలో, మంచి ప్రింటు ఎదురుగా పెట్టుకుని, తెలిసినవాళ్లు చేసింది. చిక్కు రెండోసారి దగ్గర మొదలవుతుంది. ఆ డిస్కుని మనం ఇంట్లో ఇంకో డిస్కులోకో, హార్డ్‌డిస్కులోకో, ఫోన్‌లోకో మార్చుకుంటూ మళ్లీ కుదిస్తాం. పక్కన అసలు ప్రింటు ఉండదు. అడిగేందుకు నిపుణుడూ ఉండడు. ‘ఫైలు చిన్నదైంది, ప్లే అవుతోంది, చాలు’ అనుకుని అసలు డిస్కు పారేస్తాం. ఆ తర్వాత కొన్నేళ్లకు పెద్ద టీవీ కొన్నాక తెలుస్తుంది, ముఖాలు మైనం పూసినట్టున్నాయని, చీకటి సన్నివేశాలన్నీ గళ్లుగళ్లుగా పగులుతున్నాయని.

కుదించడం తప్పు కాదు. ఏం పోయిందో చూసుకోకుండా కుదించడమే తప్పు. ఆ చూసుకోవడం ఎలాగో ప్రతి ఇంటికీ తెలియాల్సిన సమయం ఇది.

ఇప్పుడెందుకీ లెక్క?

కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు డ్రైవు ఉండటం లేదు. డీవీడీ ప్లేయర్ చెడితే బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం. అంతకంటే పెద్ద సంగతి డిస్కుల ఆయుష్షు. సినిమా కంపెనీలు అచ్చువేసే డిస్కుల్లో సమాచారం ప్లాస్టిక్‌లోనే సన్నటి గుంతలుగా నొక్కి ఉంటుంది. కంప్యూటర్లో రాసిన డిస్కుల్లో మాత్రం అది ఒక రసాయనపు రంగు పూతలో ఉంటుంది. ఎండకీ వేడికీ తేమకీ ఆ పూత క్రమంగా పాడవుతుంది.

2000ల్లో పెళ్లి ఆల్బంతో పాటు ఫొటోగ్రాఫర్ చేతికిచ్చిన డీవీడీలు ఎక్కువగా ఈ రాసిన డిస్కులే. వరంగల్‌లో అల్మరాలో ఉన్నా, డాలస్‌లో అపార్ట్‌మెంటు అటక మీద ఉన్నా వాటి గడువు కరిగిపోతూనే ఉంది. అందుకే చాలా ఇళ్లలో ఇప్పుడు సినిమా డిస్కుల్నీ ఇంటి వీడియోల్నీ హార్డ్‌డిస్కులోకి ఎక్కిస్తున్నారు. ఆ ఎక్కించేటప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లు ఒక ప్రశ్న అడుగుతాయి: నాణ్యత ఎంత? చాలామంది ఆ గడిలో ఏ అంకె ఉంటే దానికే సరేనని ముందుకు వెళ్లిపోతారు.

కన్ను ఒప్పుకున్న కోత

వీడియో కుదింపు మన కంటి బలహీనతల మీద ఆధారపడిన విద్య. వెలుగునీడల్లోని సన్నటి తేడాని కన్ను బాగా పట్టుకుంటుంది. రంగుల్లోని సన్నటి తేడాని అంతగా పట్టుకోలేదు. అందుకే డీవీడీలో వెలుగు సమాచారం 720 బై 576 చుక్కల్లో ఉంటే, రంగు సమాచారం 360 బై 288లోనే ఉంటుంది.

తర్వాతి కోతకి వెన్నెముక డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అనే గణిత పద్ధతి. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ 1972లో ఈ ఆలోచన మీద పనిచేయడానికి అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ని నిధులు అడిగితే దొరకలేదు. ఆయన పట్టు వదల్లేదు. టి. నటరాజన్, కె.ఆర్. రావులతో కలిసి రాసిన పరిశోధన పత్రం 1974 జనవరిలో అచ్చయింది. ఆ కె.ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పి, 2021లో కన్నుమూశారు. ఫోన్‌లో తీసిన జేపెగ్ ఫొటో నుంచి వీసీడీ, డీవీడీ, బ్లూరే, యూట్యూబ్ దాకా మనం చూసే దాదాపు ప్రతి డిజిటల్ బొమ్మలోనూ ఆ ముగ్గురి లెక్కో, దాని వారసత్వమో ఉంది.

ఆ లెక్క చేసే పని ఇది. బొమ్మని 8 బై 8 చుక్కల గళ్లుగా విడదీస్తుంది. ఒక్కో గడిలోని 64 చుక్కల వెలుగు విలువల్ని వేరే 64 అంకెలుగా మారుస్తుంది. మొదటి అంకె ఆ గడి మొత్తం సగటు వెలుగు. మిగతావి ఆ గడిలో వెలుగు ఎంత నెమ్మదిగా, ఎంత వేగంగా మారుతోందో చెబుతాయి. మామూలు దృశ్యాల్లో మొదటి కొన్ని అంకెల్లోనే సారమంతా ఉంటుంది.

ఇంతవరకూ నష్టమేమీ లేదు. నష్టం జరిగేది ఆ అంకెల్ని సరిచేసే చోట. కిరాణా కొట్టులో పైసలు వదిలేసి రూపాయికి లెక్క సరిచేసినట్టు, ప్రతి అంకెనీ దగ్గరలోని రౌండు అంకెకి మారుస్తారు. సన్నటి వివరాన్ని చెప్పే అంకెల్ని మరీ మొరటుగా సరిచేస్తారు. చాలావరకు సున్నాలైపోతాయి. సున్నాలకి చోటు అక్కర్లేదు. బొమ్మ చిన్నదవుతుంది.

దీనికి తోడు ప్రతి ఫ్రేమునీ పూర్తిగా దాచరు. ఒక ఫ్రేముని పూర్తిగా దాచి, తర్వాతి ఫ్రేముల్లో ఏం మారిందో మాత్రమే రాసుకుంటారు. 25 ఫ్రేముల డీవీడీలో ఇలాంటి గుంపులో 15 ఫ్రేముల దాకా ఉంటాయి. అంటే అర సెకనుకి కాస్త ఎక్కువ. గుంపులో మొదటి ఫ్రేములో దొర్లిన పొరపాటు మిగతావాటికీ అంటుకుంటుంది.

కోత మీద కోత

ఇప్పుడు రెండో కుదింపులో ఏం జరుగుతుందో చూద్దాం. అసలు విలువ 34 అనుకోండి. స్టూడియోలో దాన్ని ఐదుల లెక్కన సరిచేస్తే 35 అయింది. ఇంట్లో మనం పదుల లెక్కన సరిచేస్తే 40 అయింది. అసలు 34నే నేరుగా పదుల లెక్కన సరిచేసి ఉంటే 30 వచ్చేది. రెండు దారుల్లోనూ ఫైలు సైజు దాదాపు ఒకటే. కానీ ఒక దాంట్లో తప్పు 4, ఇంకో దాంట్లో 6. రెండోసారి కుదించేటప్పుడు మొదటి కోత మిగిల్చిన తప్పు కూడా లెక్కలోకి వచ్చి చేరుతుంది. స్టూడియో నుంచి నేరుగా చిన్న సైజులో వచ్చిన కాపీకీ, డిస్కు నుంచి మనం అదే సైజుకి దించిన కాపీకీ తేడా కనిపించేది ఇందుకే.

ఈ సమస్యతో ప్రపంచమంతా కుస్తీ పట్టిన కాలం 2000ల తొలి సగం. సినిమా డిస్కులు ఎక్కువగా రెండు పొరలవి, 8.5 గిగాబైట్లు. బజార్లో చవగ్గా దొరికే ఖాళీ డిస్కు ఒక పొరది, 4.7 గిగాబైట్లు. అది కూడా తయారీదారుల లెక్క, కంప్యూటర్ చూపేది 4.37 మాత్రమే. రెండు పొరల ఖాళీ డిస్కులు 2004లో వచ్చినా ధర ఎక్కువ. ఆ ఇరుకులో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ డీవీడీ ష్రింక్. 2004 నాటి 3.2 వెర్షన్‌తో దాని అభివృద్ధి ఆగిపోయింది గానీ, ఆ తరం కంప్యూటర్ వాడకందార్లు దాన్ని మరిచిపోలేదు.

దాని పద్ధతి తెలివైనది. వీడియోని పూర్తిగా విప్పి మళ్లీ మొదటినుంచీ కుదించడానికి ఆనాటి కంప్యూటర్లకి గంటలు పట్టేది. డీవీడీ ష్రింక్ అంత దూరం వెళ్లదు. అప్పటికే సరిచేసి ఉన్న అంకెల్ని ఇంకాస్త మొరటుగా సరిచేసి సైజు దించుతుంది. వేగం వస్తుంది. కానీ గుంపులోని ఫ్రేములు ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డవి కాబట్టి తప్పు ఫ్రేము ఫ్రేముకీ పేరుకుంటూ పోయి, కొత్త గుంపు మొదలవగానే ఒక్కసారిగా సర్దుకుంటుంది. కదలని గోడ వైపు చూస్తుంటే అర సెకనుకోసారి మసకబారి మళ్లీ తేటపడుతున్నట్టు కనిపిస్తుంది. కోత కొద్దిగా ఉన్నప్పుడు ఇది తెలియదు. ఎక్కువైన కొద్దీ తెలిసిపోతుంది. అందుకే నాణ్యత కావాలనుకున్నవాళ్లు సమయం పోయినా సరేనని, సినిమా క్రాఫ్ట్ ఎన్‌కోడర్ లాంటి పూర్తిస్థాయి సాధనాల వైపు వెళ్లారు.

తెలుగు సినిమాకి ఈ ఇరుకు మరీ ఎక్కువ. 4.7 గిగాబైట్లలో రెండు గంటల సినిమాకి సెకనుకి సగటున 5.2 మెగాబిట్లు దక్కితే, మూడు గంటల సినిమాకి దక్కేది 3.5 మెగాబిట్లే. అందులో 448 కిలోబిట్లు 5.1 ధ్వనికి పోతే బొమ్మకి మిగిలేది మూడు మెగాబిట్లు. డీవీడీ ప్రమాణం బొమ్మకి అనుమతించే గరిష్ఠం 9.8. కాబట్టి అనుభవజ్ఞులు మొదట బొమ్మ జోలికి వెళ్లేవారు కాదు. అక్కర్లేని డబ్బింగ్ ట్రాకులు, ట్రైలర్లు, మేకింగ్ వీడియోలు తీసేసేవారు. అప్పటికీ చాలకపోతేనే బొమ్మ మీద చెయ్యి వేసేవారు. ఈ వరస నేటికీ సరైనదే.

బొమ్మ ఎక్కడ పగులుతుంది?

కుదించిన సినిమాని మొదటినుంచి చివరిదాకా చూసి నాణ్యత తేల్చాలంటే అవదు. కథలో పడతాం, బొమ్మని మరిచిపోతాం. కష్టమైన చోట్లు ముందే తెలుసుకుని సూటిగా అక్కడికే వెళ్లాలి.

మొదటి చోటు చీకటి. నల్లటి నేపథ్యంలో ముఖం మీద సన్నటి వెలుగు పడుతున్న షాట్ వెతకండి. కుదింపు సాధనం చీకట్లో వివరం ఎవరికీ కనిపించదని అక్కడే ఎక్కువ కోత వేస్తుంది. పేలవమైన కాపీలో నీడలు ముక్కలుముక్కలై చదరాలుగా కదులుతుంటాయి.

రెండోది మెల్లగా మారే వెలుగు. తెల్లవారుజాము ఆకాశం, పొగమంచు, ఫేడ్ అవుట్. 1989 నాటి ‘గీతాంజలి’లో ఛాయాగ్రాహకుడు పి.సి. శ్రీరామ్ ఊటీ మంచులో పట్టిన వెలుగుని తలచుకోండి. తెలుపు బూడిదలోకి, బూడిద నీలంలోకి ఎక్కడ మారిందో తెలియనంత మెల్లగా మారడమే ఆ అందం. మామూలు 8 బిట్ల వీడియోలో వెలుగుకి ఉన్నవి మహా అయితే 256 మెట్లే. కుదింపు వాటిలోనూ కొన్నిటిని కలిపేస్తే, మంచు మెట్లుమెట్లుగా, చారలుగా విడిపోతుంది. రణరంగంలోనూ ఆకుల గుబురులోనూ కన్ను క్షమించే తప్పుని, ఖాళీ ఆకాశంలో అస్సలు క్షమించదు.

మూడోది ఫిల్ము రేణువు. పాత సినిమాల్లో బొమ్మంతా సన్నగా అదురుతున్నట్టు కనిపించే గరుకుదనం అది. రసాయన ఫిల్ముకి సహజం. అది ఏ ఫ్రేములో ఎలా ఉంటుందో ముందు ఫ్రేము చూసి చెప్పలేం. కాబట్టి కుదింపు సాధనానికి అదంతా బరువే. ముందు దాన్నే తుడిచేస్తుంది. దాంతో పాటు చర్మం మీది గీతలు, నేత చీర పోగులు, గోడ సున్నపు గరుకు కూడా పోతాయి. 1957 నాటి ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో సృష్టించిన వెన్నెల, పడవ పాటలో నీటి అలల మీద మెరుపు, ఇవన్నీ నలుపు తెలుపుల మధ్య లెక్కలేనన్ని ఛాయల మీద నిలబడినవి. చౌకగా కుదిస్తే నీరు నీరులా ఉండదు, అలుక్కుపోతుంది.

నాలుగోది అడ్డూఅదుపూ లేని కదలిక. జలపాతం, వాన, పూలవాన, మంట, జాతరలో జనం. దర్శకుడు రాఘవేంద్రరావు పాటల్లో నాయిక మీద రాలే పూలు ఇందుకు గట్టి పరీక్ష. ప్రతి రేకూ ఒక్కో దిక్కుకి పోతుంది, ముందు ఫ్రేము నుంచి అరువు తెచ్చుకునేదేమీ ఉండదు. 2015లో వచ్చిన ‘బాహుబలి’ జలపాతం కూడా అంతే. డిజిటల్ కెమెరాతో తీసింది కాబట్టి రేణువు గొడవ తక్కువే అయినా, నీటి తుంపర సాధనానికి చెమటలు పట్టిస్తుంది.

ఐదోది ఎరుపు. వెలుగు సమాచారం తక్కువ, రంగు సమాచారం ఎక్కువ ఉన్న చోటు అది. పెళ్లి చీర అంచు, కుంకుమ, ఎర్ర అక్షరాల టైటిళ్లు దగ్గరగా చూడండి. రంగు అంచు దాటి పక్కకి కారినట్టుంటే రంగు వివరం పోయినట్టు. టైటిళ్ల చుట్టూ దోమలు ముసిరినట్టు సన్నటి చుక్కలు కదులుతుంటే బిట్లు చాలలేదన్నమాట. ఈ లోపాన్ని నిపుణులు పిలిచే పేరు కూడా దోమల రొదే.

అంకెలు చెప్పేది ఎంత?

కంటిని నమ్మకుండా యంత్రంతో కొలవలేమా? కొలవచ్చు. పాత కొలమానం పీఎస్ఎన్ఆర్. అసలు ఫ్రేముకీ కుదించిన ఫ్రేముకీ చుక్క చుక్కకీ తేడా తీసి, డెసిబెళ్లలో చెబుతుంది. లెక్కకి తేలిక, కంటికి దూరం. కొంచెం మసకబారిన బొమ్మకి మంచి మార్కులు వేసి, రేణువుని చక్కగా నిలిపిన బొమ్మకి తక్కువ వేయడం దానికి మామూలే. 2004లో జౌ వాంగ్, అలన్ బోవిక్, హమీద్ షేక్, ఈరో సిమోంచెల్లి ఎస్ఎస్ఐఎమ్ అనే కొలమానం తెచ్చారు. అది చుక్కల్ని కాదు, ఆ ప్రాంతపు ఆకృతిని పోలుస్తుంది. టెలివిజన్ రంగంలో అది ఎంత వాడుకలోకి వచ్చిందంటే, 2015లో ఎమ్మీ పురస్కారం అందుకుంది. 2016లో నెట్‌ఫ్లిక్స్ వీమాఫ్ అనే కొలమానాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేసింది. మనుషులు చూసి ఇచ్చిన మార్కులతో శిక్షణ పొంది, 0 నుంచి 100 మధ్య అంకె చెబుతుంది.

ఈ అంకెలు పనికొస్తాయి. రెండు సెట్టింగుల్లో ఏది మేలో త్వరగా చెబుతాయి. కానీ వాటిని నమ్మేముందు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, సగటు మోసం చేస్తుంది. మూడు గంటల సినిమాలో నూట డెబ్భై నిమిషాలు తేలికైన సంభాషణలే అయితే మొత్తం మార్కు గొప్పగా వస్తుంది. పాడైన పది నిమిషాలే మీకు ఇష్టమైన పాటలు కావచ్చు. అందుకే సగటుతో పాటు అతి తక్కువ మార్కు వచ్చిన ఫ్రేములు ఎక్కడున్నాయో చూడాలి. రెండు, యంత్రం మన డిస్కునే అసలు అనుకుంటుంది. డిస్కులో అప్పటికే ఉన్న గళ్లనీ దోమల్నీ కూడా నిజమనే లెక్కిస్తుంది.

మనుషులతో పరీక్ష జరపడానికి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఒక పద్ధతి పెట్టింది. దాని పేరు బీటీ.500. అసలునీ కుదించినదాన్నీ చూపించి ఐదు మెట్ల మీద తీర్పు అడుగుతారు: లోపం కనిపించలేదు; కనిపించింది గానీ ఇబ్బంది లేదు; కొంచెం ఇబ్బంది; ఇబ్బంది; చాలా ఇబ్బంది. ఎంత నిజాయితీ గల కొలబద్ద! లోపం కనిపించడం వేరు, అది బాధించడం వేరని ఒప్పుకుంటోంది. ఇంటి పరీక్షకి ఇదే సరిపోతుంది.

ఇంట్లోనే పరీక్ష

1. సినిమాలోంచి పైన చెప్పిన కష్టమైన చోట్లను ఒక్కో నిమిషం చొప్పున ఎంచుకోండి. ముందు వాటినే కుదించండి.

2. ఫైలు ఇంత సైజే ఉండాలని పట్టుబట్టకండి. ఖాళీ డిస్కు కాలంలో సైజు ముఖ్యం, నేడు నాణ్యత ముఖ్యం. హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాధనాల్లో స్థిర నాణ్యత అనే పద్ధతి ఉంది. అందులో అంకె తగ్గితే నాణ్యత పెరుగుతుంది. డీవీడీ స్థాయి వీడియోకి 18 నుంచి 22 మధ్య పెట్టమని హ్యాండ్‌బ్రేక్ వాళ్ల సలహా. 18, 20, 22లతో మూడు ముక్కలు చేయండి.

3. ముక్కల పేర్లు ఇంట్లో ఇంకొకరిచేత మార్పించండి. ఏది అసలో, ఏది కాపీయో మీకు తెలియకూడదు. తెలిస్తే కన్ను చూడాలనుకున్నదే చూస్తుంది.

4. రోజూ చూసే టీవీలో, రోజూ కూర్చునే దూరం నుంచి చూడండి. తర్వాత ఒకసారి దగ్గరికి జరిగి చూడండి. టీవీలో అంచులు పదునుపెట్టే, కదలికని నునుపుచేసే సదుపాయాల్ని ఆపేయండి.

5. ఫ్రేముని ఆపి చూస్తే గళ్లు, చారలు తెలుస్తాయి. అదురు, మసక, అర సెకను ఊపు మాత్రం బొమ్మ కదులుతుంటేనే తెలుస్తాయి. రెండూ చేయండి.

6. ఐదు మెట్ల మీద మార్కులు వేయండి. ‘కనిపించింది గానీ ఇబ్బంది లేదు’ దగ్గర ఆగకుండా, ఒక మెట్టు పైనున్న సెట్టింగునే ఎంచుకోండి. ఎందుకంటే టీవీలు పెరుగుతాయి. 21 అంగుళాల పాత టీవీలో పాసైన కాపీలే నేడు 55 అంగుళాల తెర మీద తెల్లబోతున్నాయి.

7. ఇంటి వీడియోలు చాలావరకు సగం గీతలు ముందు, సగం గీతలు తర్వాత వచ్చే ఇంటర్‌లేస్ పద్ధతిలో తీసినవి. సెకనుకి 50 సగం బొమ్మలు. వాటిని తప్పుగా కలిపితే చెయ్యి ఊపినప్పుడల్లా అడ్డగీతలు వస్తాయి. లేదా కదలికలో సగం పోతుంది. అలా కలపడాన్నే డీఇంటర్‌లేస్ అంటారు; అది చేశాక కదలిక సాఫీగా ఉందో లేదో తప్పక చూడండి.

తాళం సంగతి

సినిమా డిస్కులకి కాపీ కాకుండా తాళం ఉంటుంది. అమెరికాలో 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం ఆ తాళం తీయడాన్ని నిషేధించింది. డిస్కుల కాపీ సాఫ్ట్‌వేర్ అమ్మిన 321 స్టూడియోస్ 2004లో కోర్టులో ఓడి, అదే ఏడాది మూతపడింది. మన 1957 కాపీరైట్ చట్టం సొంత వాడకానికి న్యాయమైన వినియోగం అనే వెసులుబాటు ఇచ్చింది. 2012 సవరణతో చేరిన 65ఏ సెక్షన్, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీయడాన్ని నేరంగా చెప్పింది. కొన్న డిస్కుని కాపాడుకోవడం ఒకటి, కాపీలు తీసి పంచడం ఇంకొకటి. రెండోది సినిమా తీసినవాళ్ల పొట్ట కొట్టడమే. ఈ కథనం మొదటిదాని కోసం.

ఏది దాచాలి, ఏది కుదించాలి?

డీవీడీ ష్రింక్ రోజుల్లో కుదించకపోతే దాచుకునే దారి లేదు. నేడు ఆ నిర్బంధం తొలగిపోయింది. రెండు పొరల డీవీడీలు ఐదు వందలు నిండుగా ఉన్నా మొత్తం 4.25 టెరాబైట్లు. ఒక్క హార్డ్‌డిస్కులో పట్టేస్తాయి. కాబట్టి డీవీడీల వరకు మొదటి సలహా స్పష్టం: డిస్కులో ఉన్నదాన్ని ఒక్క బిట్టు కూడా మార్చకుండా అలాగే కాపీ చేసి, రెండు చోట్ల దాచండి. ఫోన్‌లో, టీవీలో చూసుకోవడానికి ఆ కాపీ నుంచి ఎన్నిసార్లయినా కుదించుకోండి. అలా కుదించిన కాపీని ఎన్నడూ మళ్లీ కుదించవద్దు. ఒక్కోటి 25 నుంచి 50 గిగాబైట్లుండే బ్లూరేల విషయంలోనే అసలైన బేరం మొదలవుతుంది. పై పరీక్ష అక్కడ ఎక్కువగా అక్కరకొస్తుంది.

ఎంత కఠినంగా పరీక్షించాలన్నది అందులో ఉన్న బొమ్మని బట్టి ఉంటుంది. నెగటివ్ భద్రంగా ఉన్న సినిమాకి రేపు ఇంకా మంచి ప్రింటు రావచ్చు, 4కేలో మళ్లీ విడుదల కావచ్చు. మన కాపీ పాడైనా పెద్ద నష్టం లేదు. మంచి ప్రింటు దొరకని పాత సినిమాకి ఆ డిస్కే గతి కావచ్చు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటే నేడు మనకి దక్కలేదంటే, అల్మరాలోని పాత డిస్కుని చిన్నచూపు చూడటానికి వీల్లేదు.

ఇక పెళ్లి డిస్కుకీ, పాప అన్నప్రాశన డిస్కుకీ నెగటివ్ ఎక్కడా లేదు. వాటిని మళ్లీ విడుదల చేసే కంపెనీ లేదు. ఆ వీడియోలో నాయనమ్మ ముఖం మీది ముడతలు సాఫ్ట్‌వేర్ దృష్టిలో పారేయదగ్గ సన్నటి వివరం. ఆమెని చూసి ఎరగని మనవరాలికి ఆ ముడతలే నాయనమ్మ. కాబట్టి ఈ ఆదివారం మొదలుపెట్టేటట్టయితే సినిమాలతో కాదు, ఇంటి డిస్కులతో మొదలుపెట్టండి. వాటిని మాత్రం కుదించకండి.